జేజి ఇచ్చిన కమ్మలు వజ్రాలవి కావట, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది పత్తికొండ దగ్గర పల్లె. మా జేజి పోయి ఏడాదిన్నర అయింది. పోయే ముందు తన ఏడురాళ్ళ కమ్మలు నాకేనని అందరి ముందూ చెప్పింది. 1962లో ఆమె పెళ్ళికి వాళ్ళ నాయన చేయించినవి. వానాకాలంలో చేలో దొరికిన వజ్రాలనే వాటిలో పొదిగించాడని చిన్నప్పటినుంచి ఇంట్లో వింటున్నాను. వచ్చే మాఘంలో నా పెళ్ళి. ఒక కమ్మకు మర వదులైందని కర్నూలులో ఒక షాపుకు తీసుకుపోతే, పెన్నులాంటి మెషిన్ పెట్టి చూసి ‘ఇవి వజ్రాలు కాదమ్మా, సీజెడ్ రాళ్ళు’ అన్నారు. అమ్మ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. అబ్బాయి వాళ్ళది ప్రొద్దుటూరు. వాళ్ళేమీ అడగలేదు. మాటల్లో అమ్మే ‘మా అత్త రవ్వల కమ్మలు పిల్లకే’ అని గొప్పగా చెప్పేసింది. ఇప్పుడు ల్యాబ్ వజ్రాలు పెట్టించి ఎవరికీ చెప్పొద్దంటోంది. మేనమామ కరిగించి కొత్త డిజైన్ చేయించమంటున్నాడు. నాన్న ఏమీ మాట్లాడటం లేదు. తాడిపత్రిలో ఉన్న మేనత్తకు ఇంకా చెప్పలేదు. జేజి ఇన్నాళ్ళూ మమ్మల్ని మోసం చేసిందా? లేక షాపువాళ్ళు చెప్పిందే తప్పా? రాళ్ళ కోసం ఇంత టెన్షన్ పడటం నాకే సిగ్గుగా ఉంది.

సమాధానం: తల్లీ, నా కూతురి ఈడు పిల్లవి, నువ్వు అనే రాస్తాను. మాది ప్రొద్దుటూరే. నాయనది కంసాలి పని. నేను కొన్నేళ్ళు ఆయన పక్కన ఊదుగొట్టం పట్టి, తర్వాత అనంతపురం జిల్లాలో ఒక బ్యాంకులో తాకట్టు నగలకు విలువ కట్టే అప్రైజర్‌గా 22 ఏళ్ళు పనిచేశాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అన్నిటికన్నా ముందు ఒక మాట. సంగతి తేలేదాకా ఆ కమ్మల్లోంచి ఒక్క రాయి కూడా ఎవరిచేతా తీయించొద్దు. ఎందుకో చెప్తాను.

ముందు ఆ పెన్ను సంగతి. దాని మొన వేడిగా ఉంటుంది. వజ్రం వేడిని రాగికన్నా నాలుగైదు రెట్లు వేగంగా లాగేసుకుంటుంది. మొన రాయికి తగిలినప్పుడు వేడి ఎంత తొందరగా పోయిందో చూసి మెషిన్ కూత పెడుతుంది. అంతే దాని పని. వజ్రమా కాదా అనేంతవరకే అది చెప్పగలదు. ‘సీజెడ్’ (వజ్రంలా కనపడే ఫ్యాక్టరీ రాయి) అని ఏ పెన్నూ చెప్పదు. ఆ మాట కౌంటర్‌లో కూర్చున్నతను అలవాటుకొద్దీ అన్నది. ఈ రోజుల్లో వజ్రం కాని ప్రతి తెల్లరాయీ వాళ్ళకు సీజెడే. ఇంకోటి, కమ్మల రాళ్ళు చిన్నవి, గూట్లో కూర్చున్నవి. ఏళ్ళ తరబడి కొబ్బరినూనె, పసుపు, చెమట పట్టి ఉంటాయి. మొన పక్కన బంగారానికి తగిలినా, రాయి మీద జిడ్డున్నా మెషిన్ తప్పు చెప్తుంది. శుభ్రం చేసి, పద్నాలుగు రాళ్ళకూ విడివిడిగా పెట్టి చూశారా, రెండిటికి పెట్టి తేల్చేశారా? నువ్వు రాయలేదు. రెండిటికే పెట్టి ఉంటారని నా అనుమానం.

శుభ్రం అన్నానని కుంకుడుకాయ రసంలో నానబెట్టేవు! మన ఇళ్ళల్లో అది అలవాటే. గొలుసుకైతే మంచిదే, పాత కమ్మకు మాత్రం చేటు. అప్పటి ఏడురాళ్ళ కమ్మకు వెనక మూత ఉంటుంది. ఆ గూట్లో లక్క పోసి, రాయి అడుగున మెరుపు కోసం సన్నని రేకు వేసి, దాని మీద రాయి కూర్చోబెట్టి, చుట్టూ బంగారం అంచును ఉక్కు పనిముట్టుతో రాయి మీదికి కొంచెం కొంచెంగా ఒత్తేవాళ్ళు. లోపలికి నీళ్ళు పోతే రేకు నల్లబడుతుంది. వేడి తగిలితే లక్క మెత్తబడి రాయి కదులుతుంది. షాపుల్లో నగ వేసి గడగడలాడించే అల్ట్రాసోనిక్ తొట్టి ఉంటుందే, దాంట్లో వీటిని అసలు వేయనివ్వొద్దు. మెత్తటి బ్రష్ కొద్దిగా తడిపి పైపైన తుడిస్తే చాలు.

ఇక మీ ఇంటి కథ. చేలో దొరికిన వజ్రాలే కమ్మల్లోకి ఎక్కాయన్నది. మీ వైపు చేలల్లో వజ్రాలు దొరకడం నిజమే. తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, ఇటు అనంతపురం జిల్లాలో వజ్రకరూరు, తొలకరి వాన పడితే చాలు, ఎక్కడెక్కడి జనమో సద్ది కట్టుకుని వచ్చి ఎర్రమట్టిలో తలలు వంచుకుని తిరుగుతుంటారు. వజ్రకరూరు దగ్గర భూమి లోపల్నించి వజ్రాన్ని పైకి తెచ్చే కింబర్లైటు రాయి ఉంది. వానకు మట్టి కొట్టుకుపోయి రాయి పైకి తేలుతుంది. కానీ లెక్క వేసి చూడు. చెవికి ఏడు చొప్పున పద్నాలుగు రాళ్ళు. అన్నీ ఒకే సైజు, ఒకే తెలుపు. చేలో దొరికేది ఒక ముడిరాయి. అది మెరవను కూడా మెరవదు, జిడ్డు పూసిన గాజుముక్కలా ఉంటుంది. దాన్ని కోసి సాన పట్టాలంటే మళ్ళీ వజ్రం పొడే కావాలి. ఒక రైతుకు దొరికిన రాయిలోంచి జతకు జత కుదిరే పద్నాలుగు రవ్వలు రావడం నేను నమ్మను. జరిగింది ఇదై ఉంటుంది: మీ జేజి నాయనకు ఒక రాయి దొరికింది, వ్యాపారికి అమ్మాడు, ఆ డబ్బుతో కూతురికి కమ్మలు చేయించాడు. ‘చేలో వజ్రంతో కమ్మలు చేయించాడు’ అన్న మాట అరవై ఏళ్ళల్లో ‘చేలో వజ్రాలు కమ్మల్లో పెట్టించాడు’ అయింది. అబద్ధం ఎవరూ ఆడలేదు. మాటలో ఒక ముక్క జారిపోయింది.

ఆ కాలంలో మన వైపు చెవుల్లో మెరిసిన మంచి వజ్రాలు మన నేలవి కాకపోవడమే ఎక్కువ. 1720ల్లో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలంటే ముఖ్యంగా మన దేశమే. 1867లో దక్షిణాఫ్రికాలో దొరకడం మొదలయ్యాక లెక్క తారుమారైంది. మా నాయన లాంటివాళ్ళు మంచి రవ్వను ‘బ్లూ జాగర్’ అనేవాళ్ళు. చిన్నప్పుడు నాకు అదేదో మంత్రంలా వినపడేది. దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటైన్ అనే గని పేరు నోట్లో అరిగి అరిగి అలా అయిందని ఎప్పటికో తెలిసింది. వజ్రాల సీమలో పుట్టిన ఆడపిల్ల చెవికి ఆఫ్రికా వజ్రం!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. సీజెడ్ అంటే క్యూబిక్ జిర్కోనియా, ఫ్యాక్టరీలో చేసే రాయి. అది నగల కోసం అమ్మకానికి వచ్చింది 1976లో. అంతకుముందు ప్రపంచంలో ఏ షాపులోనూ దొరికేది కాదు. మీ జేజి పెళ్ళి 1962లో. కాబట్టి షాపతను చెప్పినట్టు అవి నిజంగా సీజెడ్ అయితే, పెళ్ళినాటి రాళ్ళు అవి కావు. 1976 తర్వాత ఎప్పుడో ఎవరో పాతవి తీసి వీటిని పెట్టించారు. సీజెడ్ కాకుండా గాజు, స్ఫటికం, తెల్ల సఫైర్, జిర్కాన్ లాంటివైతే (జిర్కాన్ వేరు, సీజెడ్ వేరు, అది భూమిలో దొరికే రాయి) మొదటినుంచీ అవే ఉండి ఉండొచ్చు. అప్పుడు ‘రవ్వలు’ అన్నది మీ ముత్తాత నమ్మి మోసపోయిన మాటో, గొప్పకు అన్న మాటో అవుతుంది. రెండూ రెండు వేరే కథలు. ఏది నిజమో తెలియకుండా ‘జేజి మోసం చేసిందా’ అని ఎలా అడుగుతావు?

ఇది రాస్తుంటే ఒకామె గుర్తొస్తోంది. ఉరవకొండ వైపు నుంచి వచ్చేది. ప్రతి ఏడూ జూన్‌లో శెనక్కాయ విత్తనాల కోసం కమ్మలు తాకట్టు పెట్టేది, పంట అమ్మాక విడిపించుకునేది. పంట ఎండిన ఏడు వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకునేది. ఆ కమ్మలు నాకు ఎంత అలవాటయ్యాయంటే, గుడ్డలోంచి తీయకముందే ఏ మర వంకరో చెప్పగలిగేవాణ్ణి. ఒక ఏడు తక్కెట్లో పెట్టాను. 7.510 గ్రాములు. రిజిస్టర్‌లో ముందు ఏడు 7.420 ఉంది. బంగారం వాడితే అరుగుతుంది, పెరగదు. మళ్ళీ తూచాను. అంతే వచ్చింది. లూప్ (నగలు చూసే చిన్న భూతద్దం) పెట్టి చూస్తే అంచుల మీద కొత్త గీతలు, లక్క రంగు వేరే. సీజెడ్ బరువైన రాయి. అదే సైజు వజ్రం కన్నా ఒకటిన్నర రెట్లకు పైనే తూగుతుంది. ఆ పద్నాలుగు రాళ్ళల్లో పెరిగిందే ఆ 90 మిల్లీగ్రాములు.

తల ఎత్తి చూశాను. ఆమెకు అర్థమైంది. కౌంటర్ మీదికి వంగి, ‘పెద్దోడి కాలేజీ ఫీజు సార్. ఇంట్లో తెలీదు’ అంది. భర్త బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నేనేమీ అనలేదు. అనాల్సిన పని కూడా లేదు. బ్యాంకు రాయికి పైసా ఇవ్వదు, రాళ్ళ బరువు తీసేసి బంగారానికే అప్పు ఇస్తుంది. రిజిస్టర్‌లో మేము ఏనాడూ వజ్రం అని రాయం. నిజం వజ్రాలున్న ఏడూ ‘తెల్లరాళ్ళు 14’ అనే రాశాను, ఆ ఏడూ అదే రాశాను.

ఇలాంటి జతలు నా చేతిమీదుగా ఇంకా కొన్ని పోయాయి. ఆడవాళ్ళు కమ్మ అమ్మితే ఊరంతా తెలుస్తుంది, చెవి బోసిపోతుంది. రాళ్ళు మాత్రం అమ్మి తెల్లరాళ్ళు పెట్టించుకుంటే ఎవరికీ తెలియదు. మీ జేజి అదే చేసిందని నేను అనటం లేదు. చేసి ఉండొచ్చు అంటున్నాను. అందుకే రాళ్ళు తీయొద్దన్నాను. ఆ కథకు సాక్ష్యం ఆ గూళ్ళల్లోనే ఉంది.

నువ్వే కొంత చూసుకోవచ్చు. పది రెట్లు పెద్దగా చూపే లూప్ నాలుగైదు వందలకు దొరుకుతుంది. పగటి వెలుతురులో రాయి పైముఖం అంచులు చూడు. రోజూ పెట్టుకున్న సీజెడ్ ముప్పై నలభై ఏళ్ళకు వాడిన సబ్బులా అంచులు గుండ్రంగా అరిగి ఉంటుంది. వజ్రం అంచు చాకులా నిలబడి ఉంటుంది. దీపం దగ్గర పెడితే సీజెడ్ ఎర్రగా, పచ్చగా, నీలంగా రంగులు మరీ ఎక్కువ చిమ్ముతుంది. వజ్రానిది అంతకన్నా తెల్లటి మెరుపు. తర్వాత రాళ్ళ చుట్టూ బంగారం అంచు చూడు. ఒకసారి మాత్రమే ఒత్తిన అంచు నున్నగా ఉంటుంది. విప్పి మళ్ళీ ఒత్తింది గాట్లు పడి, అక్కడక్కడ పలచబడి ఉంటుంది. పద్నాలుగు గూళ్ళూ ఒకేలా ఉన్నాయా, కొన్నే తేడాగా ఉన్నాయా? కొన్ని వజ్రాలు మిగిలి, కొన్ని మాత్రమే మారిన జతలు కూడా చూశాను నేను. యూట్యూబ్‌లో చెప్పేవి మాత్రం చేయొద్దు. గాజు మీద గీస్తే సీజెడ్ కూడా గీస్తుంది. సుత్తితో కొడితే వజ్రం కూడా పగులుతుంది, గట్టిదనం వేరు, దెబ్బకు ఆగడం వేరు. నిప్పుల్లో వేస్తే లక్కా పోతుంది, కమ్మా పోతుంది.

గట్టి మాట కావాలంటే హైదరాబాదులోనో బెంగళూరులోనో రత్నాలు పరీక్షించే ల్యాబ్‌లు ఉన్నాయి. నగలోంచి రాయి తీయకుండా చూస్తారా అని ముందే ఫోన్‌లో అడిగి పో. అమ్మే షాపు ఇచ్చే చీటీ కన్నా, అమ్మకంతో సంబంధం లేని ల్యాబ్ చీటీ నయం.

ల్యాబ్ కన్నా ముందు పోవాల్సింది తాడిపత్రికి. మీ మేనత్తకు ఇంకా చెప్పలేదన్నావు. నాకు నచ్చనిది ఇదొక్కటే. జేజి నోటిమాటగా నీకు ఇచ్చింది, అందరూ విన్నారు, మంచిదే. కాగితం లేకపోతే మాత్రం 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆమె సొత్తు ఆమె కొడుకులు, కూతుళ్ళు, భర్త ఉంటే ఆయన, అందరికీ సమానం. అంటే ఆ కమ్మల్లో మీ అత్తకూ భాగముంది. ఆమె కొట్లాడుతుందని కాదు. కరిగించడం, రాళ్ళు మార్చడం లాంటివి ఆమెకు తెలియకుండా చేస్తే రేపు పెళ్ళి పందిట్లో ఆ మాట వేరేగా తేలుతుంది. పైగా ఆడపిల్లకు తల్లి చెప్పుకున్నది కోడలికి చెప్పుకోదు. మీ అత్త పెళ్ళి ఏ ఏడు జరిగిందో ముందు కనుక్కో. ఆ ఏడు వానలు ఎలా ఉన్నాయో కూడా అడుగు. ‘రాళ్ళు ఎవరు మార్చారు’ అని నిలదీయొద్దు. కమ్మలు ఆమె చేతిలో పెట్టి, ‘అత్తా, ఇవి మా జేజి ఎప్పుడెప్పుడు పెట్టుకునేది’ అని అడిగి ఊరుకో. మిగతాది ఆమే చెప్తుంది, లేదా చెప్పదు. మీ నాన్న ఏమీ మాట్లాడటం లేదని రాశావు. ఆయన మౌనం కూడా నాకు ఉత్తి మౌనంలా అనిపించలేదు. ఆయన్ను మాత్రం మీ అమ్మ ముందు అడగొద్దు.

ఇక మీ మేనమామ సలహా. కరిగిస్తే ఏమవుతుందంటే, లక్క, రాళ్ళు తీసేశాక బరువు ఎంత పడిపోతుందో చూసి నువ్వే బిత్తరపోతావు. పాత నగకు టంకాలు ఎక్కువ, కరిగిస్తే 22 క్యారెట్లకు తక్కువే తేలడం మామూలు. కొత్తదానికి తరుగు, మజూరీ, పైన 3 శాతం జీఎస్టీ. అంతా అయ్యాక చేతికొచ్చేది వీధిలో నలుగురి చెవులకూ ఉండే డిజైనే. 1962లో చేసిన కమ్మలంటే ఇంకో విశేషముంది. 1963 జనవరిలో గోల్డ్ కంట్రోల్ వచ్చి, 14 క్యారెట్లకు మించిన బంగారంతో కొత్త నగ చేయకూడదన్నారు. కొన్నేళ్ళు నడిచింది ఆ రూలు. దేశమంతా కంసాలి ఇళ్ళల్లో కుంపట్లు ఆరిపోయాయి. మా నాయన ఆ రోజుల్లో ఇత్తడి దీపాలకు మాట్లు వేసి మమ్మల్ని సాకాడు. మీ జేజి కమ్మలు ఆ రూలుకు కొద్దిలో ముందు పుట్టినవి. ఆ చేతిపని చేసినవాళ్ళల్లో ఇప్పుడు ఎంతమంది మిగిలారని? మీ మేనమామకు కొత్త డిజైన్ అంత ఇష్టమైతే తన డబ్బుతో నీకు వేరే జత చేయించమను, మేనమామ పెట్టే ముచ్చట ఎలాగూ ఉంది కదా. అప్పుడు 22 క్యారెట్లని చెప్పే 916 గుర్తు, ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, ఆ నగకే ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ నంబరు, ఈ మూడూ ఉన్నాయా చూసుకోండి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరాలు వస్తాయి. రాళ్ళ నగకు బిల్లులో బంగారం బరువు విడిగా, రాళ్ళ బరువు విడిగా రాయించుకోండి. రాయిని కూడా బంగారం రేటుకు తూచేస్తే పోయేది మీ డబ్బే.

మీ అమ్మ సలహా ఇంకా చిక్కు. ల్యాబ్ వజ్రం దొంగ వజ్రమేమీ కాదు. అది కూడా వజ్రమే, భూమిలో కాకుండా మెషిన్లో పెరిగింది. ఆ పెన్ను పెడితే కూత పెడుతుంది. ఉత్త కంటితో నేనూ పోల్చలేను. రేటు ఈ మధ్య బాగా పడిపోయింది, తిరిగి అమ్మబోతే దాదాపు ఏమీ రాదు. నీకు ముచ్చటైతే వేరే కమ్మలకో ఉంగరానికో పెట్టించుకో, నలుగురికీ చెప్పి మరీ పెట్టుకో. దాచడానికి మాత్రం వద్దు. పోబోయేది ప్రొద్దుటూరుకు తల్లీ! పసిడిపురి అంటారు మా ఊరిని. ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు నగ చూడగానే వెనక్కి తిప్పి మూత చూసేవాళ్ళుంటారు. అరవై ఏళ్ళ కమ్మలో నిన్నటి సాన పట్టిన రాయి మెరుస్తుంటే మా ఊరి ముసలమ్మలు మర విప్పకుండానే చెప్పేస్తారు.

అబ్బాయి వాళ్ళకు చెప్పేయండి. వాళ్ళు అడిగి ఉంటే, అదొక షరతుగా పెట్టి ఉంటే నా జవాబు వేరే ఉండేది, అది కట్నం కిందకు వస్తుంది. వాళ్ళు అడగలేదు, మీ అమ్మ సంతోషంకొద్దీ అన్నది. కాబట్టి మీ అమ్మే చెప్పాలి, అదీ పెద్ద విషయంలా కూర్చోబెట్టి కాదు. చీరల గురించో, వంటల గురించో ఫోన్ చేసినప్పుడు మధ్యలో, ‘వదినా, ఆ కమ్మలు మర బిగించడానికి పోతే రాళ్ళు వజ్రాలు కావన్నారు. మేమూ అవేననుకుంటిమి. పిల్ల మాత్రం వాళ్ళ జేజివని అవే పెట్టుకుంటానంటోంది’ అంటే చాలు. నూటికి తొంభై మంది ‘అయ్యో, దానికేముంది వదినా’ అంటారు. అనకుండా ముఖం మాడ్చుకునేవాళ్ళయితే, మాఘం దాకా ఆగకుండా ఇప్పుడే తెలియడం నీకే మంచిది. పెళ్ళయ్యాక కూడా అవి నీవే. పుట్టింటివాళ్ళు పెట్టిన నగల మీద భర్తకుగాని అత్తమామలకుగాని హక్కు రాదని సుప్రీంకోర్టు 1985లోనే స్పష్టంగా చెప్పింది. బరువు తూయించి, ముందూ వెనకా ఫోటో తీసి పెట్టుకో.

సిగ్గుగా ఉందన్నావు. ఎందుకు? కమ్మ అంటే ఏమనుకున్నావు? గొలుసు జాకెట్టులోకి పోతుంది, వంకీ కొంగు కిందకు పోతుంది. కమ్మ మాత్రం ఎప్పుడూ ముఖం పక్కనే ఉంటుంది. మనిషి తల తిప్పినప్పుడల్లా కదులుతుంది, నవ్వితే వెలుగుతుంది. మీ జేజిని తలుచుకుంటే నీకు ముందు కళ్ళు గుర్తొస్తాయా, కమ్మలు గుర్తొస్తాయా? మా అమ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది. పొయ్యి ముందు కూర్చుని ఊదేటప్పుడు నిప్పు వెలుగుకు ఆమె కుడి చెవి తెల్లరాయి ఎర్రగా అయ్యేది, అదొక్కటే ఇప్పటికీ కళ్ళ ముందు కదులుతుంది. అది వజ్రమేమీ కాదు, గాజు. కంసాలి పెళ్ళాం చెవికి గాజురాయే కదా మిగిలేది.

అన్నట్టు నీ ఉత్తరం మొదలైంది వదులైన మరతో. దాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. పాత కమ్మల మరలు మెషిన్లో చేసినవి కావు, ఒక్కోదానికి చేత్తో గాడి కోసేవాళ్ళు. కుడి కమ్మ మర ఎడమదానికి సరిగా పట్టదు. పట్టినట్టే ఉంటుంది, తిప్పితే జారుతుంది. అందుకే మా నాయన కుడిదానికి, దాని మరకు వెనకవైపు చిన్న చుక్క కొట్టేవాడు. లూప్‌తో రెండు మరల వెనకా చూడు, చుక్కో గీతో కనపడొచ్చు. జేజిని చివరిసారి ఆస్పత్రికి తీసుకుపోయేటప్పుడు ఎవరో తొందరలో తీసి, ఒకదానిది ఒకదానికి బిగించి ఉంటారు. ఆ రెండూ అటుదిటు ఇటుదటు మార్చి తిప్పి చూడు.